సైకిల్ దిగడంలో దిట్ట

సైకిల్ తొక్కడంలో మొనగాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉంటారు. సైకిల్ దిగడంలో మాత్రం మా తాతయ్య వీరభద్రం గారిని మించినవాడు ఇంతవరకూ పుట్టలేదు, ఇకమీద పుట్టే సూచనలూ లేవు. ఒలింపిక్స్‌లో ఆ పోటీ పెట్టకపోవడం వల్ల కెనడా నాలుగేళ్ళకోసారి ఒక బంగారు పతకం నష్టపోతోంది.

పెద్దవాళ్ళు కనిపిస్తే తాతయ్య సైకిల్ దిగుతాడు. ఆయన కుర్రతనంలో కోనసీమలో అదే మర్యాదట. ఎదురుగా పెద్దాయన వస్తుంటే సీటు మీదే కూర్చుని బెల్లు కొట్టుకుంటూ పోయేవాణ్ణి చూసి, "వీడికి పెద్దా చిన్నా లేదర్రా" అనేవారట. అందుకని దిగాలి, నాలుగడుగులు నడవాలి, మళ్ళీ ఎక్కాలి. ఆ అలవాటును తాతయ్య బీపీ మాత్రలతో పాటు భద్రంగా హాలిఫాక్స్‌కి తెచ్చుకున్నాడు.

చిక్కల్లా ఒకటే. ఆయనకిప్పుడు డెబ్బై ఆరు. తనకన్నా పెద్దవాళ్ళు ఊరికే దొరకరు, వెతుక్కోవాలి.

మా ఊళ్ళో తెలుగువాళ్ళకి ఒక సైకిల్ గ్రూపు ఉంది. మంచు కరిగాక శనివారం పొద్దున్నే సైకిళ్ళను కార్ల వెనక బిగించుకుని విండ్సర్ వైపు వెళ్ళి, అక్కడి నుంచి పల్లెల మీదుగా తొక్కుతాం. అక్కడి నేల పచ్చి అప్పడంలా చదునుగా ఉండదు, వేయించిన అప్పడంలా ఉంటుంది. ఒక గుట్ట దిగామనుకునేలోపే ఇంకో గుట్ట. ఆపిల్ తోటల మధ్య అక్కడక్కడా జిప్సం రాయి తెల్లగా బయటపడి ఉంటుంది. తాతయ్య వాటిని సుద్దకొండలంటాడు.

"అన్ని బడులకీ సరిపడా సుద్ద ఇక్కడ పడుంటే నీకు చదువెందుకు అంటుకోలేదే?" అని నన్నడుగుతాడు. నేను కాలేజీలో సగం చదివి, మిగతా సగం తర్వాత చూద్దామని ఆపాను. ఆ 'తర్వాత' ఇంకా రాలేదు.

మూడేళ్ళుగా తాతయ్య పక్కన తొక్కడం నా డ్యూటీ. "ఆయన్ని వదిలేసి ముందుకెళ్ళావో, ఇంటికి రాకు" అని అమ్మ ఆర్డర్. ఆ ఆర్డరే లేకపోతే గ్రూపులో అందరికన్నా ముందు నేనే ఉండేదాన్ని. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను.

ఒకసారి ఒక ఇంటి ముందు తెల్లజుట్టు పెద్దమనిషి గడ్డి కోసే మెషీన్ మీద కూర్చుని తిరుగుతున్నాడు. తాతయ్య దిగాడు.

"సర్, యువర్ ఏజ్ ప్లీజ్?"

ఆయన మెషీన్ ఆపి, అయోమయంగా, "సెవెంటీ వన్" అన్నాడు.

"చిన్నపిల్లాడు" అని తెలుగులో తీర్పు చెప్పి తాతయ్య సైకిల్ ఎక్కబోయాడు.

"తాతయ్యా! ఇక్కడ అలా వయసు అడక్కూడదు."

"అడక్కపోతే దిగాలో వద్దో ఎలా తెలుస్తుందే?"

"దిగే కదా అడిగావు!"

"అదీ నిజమే" అని ఆలోచించి, "పోనీలే, ఇంకో ఐదేళ్ళు పోతే పనికొస్తాడు" అన్నాడు.

ఇంకోసారి అరుగు మీద కూర్చున్న తొంభై ఒక్కేళ్ళ మామ్మగారు దొరికింది. నిధి దొరికినట్టు సంబరపడి, తాతయ్య దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టైరు పంక్చరయిందనుకుని ఆవిడ కొడుకుని పిలిచి గాలి పంపు తెప్పించింది. "నో నో. రెస్పెక్ట్, రెస్పెక్ట్" అన్నాడు తాతయ్య. ఆవిడకి 'రెస్ట్' అని వినపడింది. కుర్చీ వేయించింది. తర్వాత బ్లూబెర్రీ మఫిన్లు వచ్చాయి. మేము బయలుదేరేసరికి గ్రూపు రెండూళ్ళు దాటిపోయింది.

ఎవరూ దొరకని రోజున శ్మశానాలున్నాయి. ఆ పల్లెల్లో ప్రతి చర్చి పక్కనా ఒకటుంటుంది. రాళ్ళ మీద పదిహేడు వందల తొంభైలూ, పద్దెనిమిది వందల ముప్ఫైలూ. "వీళ్ళంతా నాకన్నా పెద్దవాళ్ళే" అంటూ దిగి, ప్రహరీ పొడుగునా సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళేవాడు. నేనూ దిగి వెనక నడిచేదాన్ని. చచ్చినవాళ్ళకి మర్యాద చేయబోయి బతికున్న మా కెప్టెన్ చేత తిట్లు తినేవాళ్ళం.

కెప్టెన్ యోగానంద్ అంకుల్ ఐటీ మనిషి. హ్యాండిల్ మీదున్న బుల్లి కంప్యూటర్‌ని చూసినంతగా దారిని చూడడు. ఆగస్టులో ఒకరోజు మా ఇంటికొచ్చి కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, మెల్లగా అన్నాడు.

"తాతగారూ, సెప్టెంబర్లో రెండ్రోజుల టూర్ ప్లాన్ చేశాం. మీరు గుట్టల మీద అట్లా దిగుతుంటే చీకటిపడేలోపు చేరలేం. ఈ శనివారం కూడా దిగితే మిమ్మల్ని తీసుకెళ్ళలేను. జర ఫీల్ కాకండి."

తాతయ్య ఫీల్ కాలేదు. ఆ టూర్ కోసం ఆయన జూన్‌లోనే సంచి సర్ది మంచం పక్కన పెట్టుకున్నాడు. అంకుల్ వెళ్ళాక దాన్ని తీసి అల్మారాలో పెట్టాడు. కాసేపయ్యాక మళ్ళీ తెచ్చి మంచం పక్కనే పెట్టాడు.

ఆ శనివారం పొద్దుటి నుంచీ తాతయ్య దిగలేదు. మామ్మగారు అరుగు మీంచి చెయ్యి ఊపితే తలవంచుకుని పోయాడు. శ్మశానాల దగ్గర అటు చూడనే లేదు. దిగినన్నాళ్ళూ విసుక్కున్నదాన్ని, దిగకపోతే సంతోషించాలి కదా? కాని ఇంట్లో గోడ గడియారం ఆగిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

మా వెనక ఒక్కరే వస్తున్నారు, చాముండేశ్వరి ఆంటీ. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తారు. యాభై తొమ్మిదో ఏట సైకిల్ నేర్చుకుని ఈ మే నెలలో గ్రూపులో చేరారు. పేరుకు తగ్గ మనిషి. "గుట్ట ఎక్కలేక దిగిన రోజున ఈ సైకిల్ అమ్మి పారేస్తా" అని మొదటిరోజే అందరి ముందూ శపథం చేశారు.

ఆఖరి గుట్ట సగం ఎక్కాం. ఇల్లు లేదు, చర్చి లేదు. ఒక పక్క తెల్లటి రాయి, ఇంకో పక్క ఆవులు. తాతయ్య దిగిపోయాడు.

"తాతయ్యా! ఇప్పుడెవరికి దిగావు? ఆవులకా?"

ఆయన సైకిల్ నడిపిస్తూనే వెనక్కి చూస్తున్నాడు. నేనూ దిగి చూశాను. ఆంటీ ముఖం కందగడ్డలా ఉంది. హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతోంది. ఇంకో రెండు తొక్కులు తొక్కితే పడిపోయేలా ఉన్నారు. తాతయ్య నడుస్తుండటం చూశారు. వెంటనే దర్జాగా దిగి, హెల్మెట్ సర్దుకున్నారు.

"పెద్దాయన నడుస్తుంటే నేను పక్కనుంచి ఎక్కి పోతే ఏం బాగుంటుంది ధాత్రీ? మనకో పద్ధతుంది కదా!"

"అవును తల్లీ, పద్ధతి" అన్నాడు తాతయ్య.

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఆ చర్చీలన్నీ గుట్టల మీదే ఉన్నాయి. మామ్మగారి ఇల్లూ ఎత్తులోనే. పల్లంలోకి దిగేటప్పుడు ఎంత ముసలాయన ఎదురైనా తాతయ్య "నమస్తే" అని ఒక్క కేక పెట్టి దూసుకుపోయేవాడు.

ఇంతలో యోగానంద్ అంకుల్ పైనుంచి వెనక్కి వచ్చాడు. "తాతగారూ, చెప్పాను కదా... ఇక్కడెవరున్నారని దిగారు?"

"ఎవరూ లేరు బాబూ. నాకే ఓపిక లేక దిగాను. నా వల్ల పాపం ఈవిడా ఆగిపోయింది. నన్ను టూర్ నుంచి తీసెయ్. ఈవిడకేం, ఎక్కేస్తుంది."

ఓపిక లేదన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

"ఆయన రాకపోతే నేనూ రాను" అన్నారు ఆంటీ టక్కున. "పెద్ద తలకాయ లేని టూరేమిటి?"

అంకుల్ ఆంటీ ముఖం చూశాడు. తాతయ్యని చూశాడు. నన్నెందుకో కాస్త ఎక్కువసేపు చూశాడు. బుల్లి కంప్యూటర్ కూతపెడుతున్నా పట్టించుకోకుండా సైకిల్ దిగాడు.

"తాతగారూ, ప్రతి టూర్‌లో ఆఖర్న ఒక మనిషి ఉండాలి. వెనకబడ్డవాళ్ళని చూసుకుంటూ రావాలి. స్వీప్ అంటారు. మీరు ఉంటారా? ఎక్కడ దిగినా అడగను. పొద్దున్నే ఒక గంట ముందు బయలుదేరదాం."

"స్వీప్ అంటే ఊడవడం కదుటయ్యా?"

"అదే అనుకోండి."

"ఇంట్లో మా కోడలు, రోడ్డు మీద నువ్వు. సరే, ఊడుస్తా."

ఆంటీ, అంకుల్ కబుర్లు చెప్పుకుంటూ ముందు నడిచారు. నేను తాతయ్య పక్కన చేరి మోచేత్తో పొడిచాను.

"దొరికిపోయావు దొంగా! మర్యాదా లేదు, మన్నూ లేదు. ఇన్నాళ్ళూ ఆంటీ కోసమే కదూ దిగావు?"

తాతయ్య ఆగి, నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆవిడ చేరింది మొన్న మేలో. అంతకుముందు రెండేళ్ళూ ఎవత్తె రొప్పు వినలేక దిగాననుకున్నావే, గాడిదా?"