దానియేలు గారి పొలుసు

ఏలూరులో చెరువు నీళ్ళు పరీక్షించే మా ల్యాబు కింద ఒక మంగలి షాపు ఉంది. పొద్దున్నే షట్టరు పైకి లేపిన కాసేపటికి ట్రిమ్మర్ మొదలవుతుంది. ఆ సన్నటి జుయ్‌మనే చప్పుడు మెట్లెక్కి నా బల్ల దాకా వస్తుంది. దాని వెనకాలే గడ్డం గీశాక రాసే స్పిరిట్ వాసన. రోజూ వినేదే, రోజూ పీల్చేదే. అయినా ఆ రెండూ కలిసి వచ్చిన ప్రతిసారీ నా ఎడమ చెయ్యి నన్ను అడక్కుండానే ఒంటికి దగ్గరగా ముడుచుకుంటుంది. తాడేపల్లిగూడెంలో కళ్ళజోళ్ళ షాపు పైనున్న చిన్న గదిలో, ప్లాస్టిక్ స్టూలు మీద, దానియేలు గారి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుండే మనిషి కాదు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు కళ్ళజోళ్ళు, ఒకటి దూరానికి, ఒకటి సూదికి. సగం జీవితం షాపుల బోర్డులు, చర్చి గోడల మీద వాక్యాలు రాశారు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని లేకుండా చేశాక, నలభై దాటిన వయసులో బెంగళూరు వెళ్ళి టాటూలు వెయ్యడం నేర్చుకుని వచ్చారు. గూడెంలో ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పేర్లు, శిలువలు, పులి తలలు వేయించుకునేవాళ్ళు. నేను అడిగింది వేరు. జపాన్ పద్ధతిలో భుజం నుంచి మణికట్టు దాకా చెయ్యంతా నిండే బొమ్మ. కెరటాలు, వాటి మధ్య ఎదురీదే ఒక చేప.

ఎందుకని మీరు అడగకముందే చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ అదే అడిగారు. కొల్లేటికోట దగ్గర మా నాన్న చేపల చెరువు కౌలుకు చేసేవాడు. నాకు పదిహేడేళ్ళప్పుడు నీళ్ళు తోడే డీజిల్ ఇంజను వేడెక్కింది. "మూత తియ్యి సునీ" అన్నాడు. తీశాను. మరిగిన నీళ్ళు ఎగజిమ్మి ఎడమ చెయ్యి భుజం కింద నుంచి మోచేతి దాకా కాలిపోయింది. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఎండాకాలంలో కూడా నేను పొడుగు చేతుల జాకెట్లే వేసుకున్నాను. నాన్న అన్నం తినేటప్పుడు నాకు కుడివైపునే కూర్చునేవాడు. ఒకరోజు ఫోనులో జపాన్ టాటూ ఫోటో ఒకటి కనబడింది. చెయ్యి మీద గోరంత ఖాళీ లేదు. ఆ కెరటాల కింద ఏముందో ఎవరికీ తెలియదు. నాకు కావలసింది అదే అనుకున్నాను. మచ్చ కనబడకూడదు, అంతే.

అనుకోవడం తేలిక, వేసే మనిషిని పట్టుకోవడమే కష్టం. ఏలూరులో ఒకతను నా చేతిని చూడకుండా ఫోను చూస్తూ "నాలుగు సిట్టింగుల్లో అయిపోద్దండీ" అన్నాడు. అతను రేజరు తీసి చెయ్యి గొరగబోతుంటే నేను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగేశాను. విజయవాడలో ఒకాయనకి ఫోటోలు పంపితే, "మచ్చైతే ఏంటి మేడం, నల్లరంగు దట్టంగా కొట్టేద్దాం" అని జవాబిచ్చాడు. ఆ 'కొట్టేద్దాం' అన్న మాట చదివి ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను. నేను అసలే పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానా అని వీధి చివర నుంచి వెనక్కి వచ్చే రకం. చీర నచ్చకపోతే మార్చుకోవచ్చు, చెయ్యి మార్చుకోలేం కదా! ఫోనులో ఆ కళాకారుల బొమ్మలు పెద్దవి చేసి చేసి చూసేదాన్ని. అన్నీ బాగున్నట్టే ఉండేవి, వెంటనే అన్నీ మోసంలాగా కనబడేవి. ల్యాబులో నాతో పనిచేసే ఆవిడ చెబితే చివరికి గూడెం బస్సెక్కాను.

దానియేలు గారు నా ఫోనులో బొమ్మ చూడలేదు. "చెయ్యి చూడొచ్చాండీ?" అని అడిగి, చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి, కళ్ళు మూసుకుని మచ్చ మీద బొటనవేలు నెమ్మదిగా నడిపించారు. పన్నెండేళ్ళలో డాక్టరు తప్ప ఇంకెవరూ ముట్టుకోని చోటు అది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను.

"చెవులు కుట్టించుకున్నప్పుడు వాచేయా అమ్మా?" అన్నారు.

"నాకు లేదండీ. మా అమ్మకి మాత్రం చెవి తమ్మె మీద శనగగింజంత కాయ కట్టిందండీ."

ఆయన కళ్ళు తెరిచారు. "అయితే సూది పడితే మీకూ అలా లేవొచ్చు. ఇవాళ ఏమీ లేదు. ముందు చర్మం డాక్టరు గారికి చూపించుకు రండి. ఆయన ఒప్పుకుంటే మంచి చర్మం మీద ఒక్క పొలుసు, మచ్చ మీద ఒక్క చుక్క వేత్తాను. మూడు నెలలు చూద్దాం."

"మూడు నెలలా!"

"ఆయ్. తడి గోడ మీద తొందరపడి రంగేసినోణ్ణి నేను. పండగ దగ్గర పడిందని అందరూ తొందర పెడితే, వానకి తడిసిన చర్చి గోడ మీద వాక్యం రాసేను. నెల తిరక్కుండా పెచ్చులూడిపోయింది. గోడైతే గీకి మళ్ళీ రాసేనమ్మా."

చెయ్యి అయితే అన్న మాట ఆయన అనలేదు, నాకే వినబడింది. డాక్టరు చిన్న చుక్క వేసి చూసుకోవచ్చని, ఏ హామీ మాత్రం ఇవ్వలేనని అన్నారు. ఆ మరుసటి వారం దానియేలు గారు నా మోచేతి కింద చిటికెనవేలి గోరంత పొలుసు ఒకటి, మచ్చ మీద ఆవగింజంత చుక్క ఒకటి వేశారు. ఆ కాస్త పనికి ఆయన గంట తీసుకున్నారు, అంతసేపూ సూది మిషను జుయ్‌మంటూనే ఉంది.

ఆ మూడు నెలలు నేను మనిషిలా లేను. ఇతరుల చెరువుల నీళ్ళలో ప్రాణవాయువు ఎంతుందో లెక్కగట్టి చెప్పే ఉద్యోగం నాది. ఆ పని మధ్యలోనే జాకెట్టు చెయ్యి పైకి లాగి చుక్కని తడిమి చూసుకునేదాన్ని. లేచిందా? లేచినట్టుంది. లేదేమో. స్నానం చేశాక లేచినట్టు, అన్నం తిన్నాక అణిగినట్టు అనిపించేది. రెండో వారం దురద మొదలైంది. భయంతో ఫోను చేశాను.

"దురద పెడుతోందండీ, దానియేలు గారూ. పాడైపోతోందేమోనండీ."

"పెడుతుందమ్మా. గోకకండి. అరచేత్తో తట్టండి, నెమ్మదిగా. పసిబిడ్డని తట్టినట్టు."

అలా వారానికి రెండుసార్లు ఫోను చేసేదాన్ని. ఆయన విసుక్కోలేదు ఒక్కసారి కూడా. విసుక్కుంటే బాగుండేదని నాకే అనిపించేది.

ఈలోగా ఆయన బొమ్మ గీసి ఉంచారు. జపాన్ వాళ్ళు వేసుకునే ఆ చేప, మా చెరువుల్లో పెంచే బంగారు తీగ, రెండూ ఒకటే జాతి. మూతి దగ్గర మీసాలు చూసి నేనే ఆ సంగతి చెప్పాను, ఆయన తెగ సంబరపడ్డారు. పొలుసు పొలుసుకీ నీడ దిద్దారు. నాకు బాగా నచ్చేసింది. ఇంటికి తీసుకెళ్ళి మా నాన్నకి చూపించాను. చేతి మాట ఎత్తగానే తల తిప్పేసే మనిషి, కాగితం కాబట్టి చూశాడు.

"ఇది చచ్చిన చేపమ్మా" అన్నాడు. "క్రేటులో ఐసు మీద పడుకోబెట్టినట్టుంది. నిలువునా కర్రలా ఉంది చూడు. నోరు కూడా అలాగే తెరిచింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. తీరా చూస్తే నాన్న అన్నది నిజమే. దానియేలు గారి అమ్మ చేపల ప్యాకింగు షెడ్డులో పనిచేసింది, ఆయన ఆ క్రేట్ల మధ్యే పెరిగారు. నేను చెరువు గట్టు మీద పెరిగాను. చెరువు నీళ్ళేమో పచ్చగా, చిక్కగా ఉంటాయి, లోపల ఏముందో కనబడదు. పుట్టిన దగ్గర్నుంచి చేపల మధ్యే బతికిన మా ఇద్దరికీ చేప తెలిసింది వల లాగాకే. ఈదే చేపని ఇద్దరం ఎప్పుడూ చూడలేదు.

ఆయనకి ఎలా చెప్పాలా అని బస్సంతా మథనపడ్డాను. చెబితే ఆయన పకపకా నవ్వారు. నవ్వి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆదివారం ఆరాధన మానుకోలేనని చెప్పి, సోమవారం మొదటి బస్సుకే మా చెరువు దగ్గరికి వచ్చేశారు, నోటు పుస్తకం పట్టుకుని. ఆ ఉదయం మబ్బు పట్టి ఉంది. నీటి మీద వందల మూతులు తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఆయన ఆనందంగా పెన్సిలు తీశారు.

"ఆడుకుంటున్నాయనుకుంటున్నారేమోనండీ" అన్నాడు నాన్న, నీళ్ళలోకి గాలి కొట్టే గాలిచక్రాల స్విచ్చి వైపు పరిగెడుతూ. "గాలందక పైకొచ్చేయండీ!"

దానియేలు గారు పుస్తకం మూసేశారు. చక్రాలు తిరిగి, మూతులు ఒక్కొక్కటే నీళ్ళలోకి దిగిపోయేదాకా గట్టు మీద నిలబడే ఉన్నారు. "ఊపిరాడని చేపని ఈ అమ్మాయి చేతి మీద వెయ్యనండీ" అన్నారు నాన్నతో. నాన్న వెంటనే తన బండి మీద దానియేలు గారిని ఎక్కించుకుని, తెలిసినవాళ్ళ హేచరీకి తీసుకెళ్ళాడు. నేను ఆటోలో వెనకాల వెళ్ళాను. అక్కడ గుండ్రటి సిమెంటు తొట్టిలో బోరునీళ్ళు గిర్రున తిరుగుతూ ఉంటాయి. గుడ్లు పెట్టించడానికి తెచ్చిన పెద్ద చేపలు ఆ తేటనీళ్ళలో ప్రవాహానికి ఎదురు తిరిగి, ఒళ్ళు వంచి, తోక కొడుతూ ఈదుతున్నాయి. దానియేలు గారు మధ్యాహ్నం దాకా తొట్టి అంచున గొంతుక్కూర్చుని గీస్తూనే ఉన్నారు. నాన్న ఆయనకి గొడుగు పట్టాడు.

మూడు నెలలు నిండిన రోజున గూడెం వెళ్ళాను. పొలుసు నున్నగా ఉంది. చుక్క లేచింది. నాకు ఇంట్లోనే తెలుసు. ఆయన వేలికి తగలకపోతే బాగుండునని దారి పొడుగునా కోరుకున్నాను.

ఆయన చాలాసేపు తడిమి చూసి, కళ్ళజోడు తీసేశారు. "మచ్చ మీద సూది పెట్టనమ్మా. ఎవరు పెడతానన్నా పెట్టించుకోకండి. ఒక్క చుక్కకే లేచింది. నిండా వేస్తే మచ్చని దాచడం పోయి పెంచినట్టవుద్ది."

నేను గట్టిగానే అరిచాను. మచ్చ కోసమే కదా ఇదంతా, మూడు నెలలు నన్ను ఎందుకు ఆడించారు, ఆ విజయవాడ ఆయన దగ్గరికే పోతాను అన్నాను. ఆ మాటలకి ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆయన నా అరుపులు అయ్యేదాకా ఆగి, హేచరీలో గీసిన పుస్తకం తెరిచారు. తొట్టి మధ్యలో నీళ్ళు పొంగే చోట తెల్లగా నురగ. అక్కడ ఆయన గీత ఒక్కటీ పెట్టలేదు, కాగితం కాగితంలాగే ఉంది. చుట్టూ గీసిన నీళ్ళ వల్లే అది నురగలా కనబడుతోంది.

"మచ్చని దాచలేం. ముట్టుకోకుండా వదిలేద్దాం. చుట్టూ నీళ్ళు సరిగ్గా వేస్తే అదే నురగవుద్ది" అన్నారు. పుస్తకం మూసి, "అది కూడా నా వల్ల కాదమ్మా. నాది బోర్డులు రాసిన చెయ్యి. ఖాళీ కనబడితే నింపేస్తాను. వదిలెయ్యడం తెలిసినోళ్ళు వెయ్యాలి" అన్నారు.

"మీరే వెయ్యండి. ఇంకెవరి మీదా నాకు నమ్మకం లేదండీ."

"నాకు ఆశ లేదనుకుంటున్నారా? ఇంత పని నా జన్మలో మళ్ళీ రాదు. అందుకే భయం. ఆశ ఉన్నప్పుడు కన్ను సరిగ్గా చూడదు."

విశాఖపట్నంలో జపాన్ పద్ధతి ఒక్కటే చేసే ఒకావిడని ఆయనే వెతికారు. ఆవిడ వేసిన పాత పనులు, కొత్తవి కాదు, అయిదారేళ్ళు ముదిరినవి చూపించమని అడిగి తెప్పించుకున్నారు. మొదటి సిట్టింగుకి నాతో రైల్లో వచ్చారు. ఆవిడ సూది పట్టుకుని మచ్చ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నా కంటే ముందు ఆయన ఊపిరి బిగబట్టడం చూశాను. ఆవిడ మచ్చ అంచుకి దూరంగానే ఆగింది. అప్పుడు ఆయన బయటికి వెళ్ళి టీ తాగి వచ్చారు. మిగతా సిట్టింగులకి నేను ఒక్కదాన్నే వెళ్ళగలిగాను.

పనంతా పూర్తయ్యేసరికి ఏడాది పైనే పట్టింది. ఒక మధ్యాహ్నం పొట్టి చేతుల జాకెట్టుతో అన్నానికి కూర్చుంటే, నాన్న తన కంచం తీసుకుని వచ్చి నా ఎడమవైపు కూర్చున్నాడు. చేపని చూశాడు. మచ్చనీ చూశాడు. "ఇది ఈదుతోంది" అని, తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.

దానియేలు గారికి చూపించడానికి వెళితే, దగ్గరి కళ్ళజోడు పెట్టుకుని అంత పెద్ద బొమ్మలో తన పొలుసు కోసమే వెతికారు. ఆవిడ దాన్ని మార్చకుండా చుట్టూ మిగతా పొలుసులు అమర్చింది. దొరికాక వేలితో తాకి, "కొంచెం వంకర వేసేనమ్మా, ఏమనుకోకండి" అన్నారు. తర్వాత మచ్చ మీది చుక్క చూసి, "ఇది నా వల్ల అయింది" అన్నారు. కాదండీ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

పోయిన వానాకాలంలో ఆయన గుండెపోటుతో పోయారు. ఆ గదిలో ఇప్పుడు కళ్ళజోళ్ళ షాపు వాళ్ళు ఖాళీ పెట్టెలు పెట్టుకుంటున్నారు.

ఇవాళ పొద్దున ఒక రైతు సీసాలో చెరువు నీళ్ళు పట్టుకుని పరుగున వచ్చాడు. ముఖం చూస్తేనే తెలుస్తోంది రాత్రంతా నిద్రలేదని. "చేపలు పైకి తేలుతున్నాయండీ. ఇదిగో ఈ మందు వేసేయమంటారాండీ? వేసేయమని ఒక్క మాట చెప్పండమ్మా, వెళ్ళిపోతాను" అన్నాడు. ఒకప్పుడైతే అతని కంగారు నాకూ అంటుకుని ఆ మాట చెప్పేసేదాన్ని. "ఈ ఒక్క సీసాతో చెప్పలేనండీ. ముందెళ్ళి గాలిచక్రాలు వెయ్యండి. నేనే వచ్చి చెరువు చూసి చెబుతాను" అన్నాను. అతను నా మీద గట్టిగానే అరిచాడు. కింద ట్రిమ్మర్ మొదలైంది. మచ్చ మీద చుక్క దురద పెట్టింది. అతని అరుపులు అయ్యేదాకా ఆగి, చుక్కని అరచేత్తో నెమ్మదిగా తట్టుకుంటూ, చెరువు ఎక్కడో చెప్పమని అడిగాను.