రాయి పడిన నాటి నర్సమ్మగారు

విడవలూరు నర్సమ్మగారు పోయారని మొన్న తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఈ లోకంలో వాణ్ణి మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆవిడే.

అరవైల తొలి ఏళ్లు, వరికోతల కాలం. పొద్దెక్కినా అమ్మకు కాన్పు కాలేదు. నేను గుమ్మం దగ్గర కూర్చుని నర్సమ్మగారి ముఖమే చూస్తున్నాను. ఆ ముఖం మారితే అమ్మకు ఏదో అయినట్టేనని నా భయం.

ఉన్నట్టుండి, మబ్బు తునకైనా లేని ఆకాశంలో ఫిరంగి పేలినట్టయింది. వెంటనే బండ్లు దొర్లుతున్నట్టు మోత. దూలాల మీది దుమ్ము రాలింది. గదిలోని ఆడవాళ్లంతా బయటికి పరుగెత్తారు.

"నర్సమ్మా, వచ్చెయ్! ఇల్లు కూలిపోతాది!" వాకిట్లోంచి నాయనమ్మ అరిచింది.

"బిడ్డ తల కనబడతా ఉంది. యాడికి వచ్చేది?" అని, అమ్మ వైపు వంగారు. "భయపడబాక అమ్మణ్ణీ. పైన ఏమన్నా కానీ, నువ్వు నా మాటొక్కటే విను."

తమ్ముడు పుట్టాడు. ఏడవలేదు. ఆవిడ వాణ్ణి బోర్లా పట్టుకుని వీపు రుద్దుతూనే ఉన్నారు, పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి. ఎప్పటికో పిల్లికూనలా చిన్న మూలుగు వినబడింది.

కాసేపటికి నాన్న తుండుగుడ్డలో ఒక రాయి తెచ్చాడు. ఆకాశం నుంచి మా మడిలోనే పడిందట. మాడిన కుండ అడుగులా నల్లటి పెచ్చు, దాని మీద పిండిలో బొటనవేలు నొక్కినట్టు గుంటలు. విరిగిన మూల మాత్రం బూడిద రంగు, అందులో అక్కడక్కడా ఇనప మెరుపు.

"అది పడిన గడియే వీడూ పుట్టినాడు. ఇంటికి అరిష్టం" అంటూ నాయనమ్మ బిడ్డకు దూరంగా జరిగింది. "బిడ్డను ఎవరికన్నా ఇచ్చేయండి" అన్నారు చూడవచ్చిన వాళ్లు. నాన్న నోరు మెదపలేదు. ఆ మోత కంటే ఆ మౌనానికే నేను ఎక్కువ భయపడ్డాను.

నర్సమ్మగారు రాయిని చేతిలోకి తీసుకుని, "ఇది పడినప్పుడు నువ్వు యాడున్నావయ్యా?" అని నాన్నను అడిగారు.

"ఆ మడిలోనే కోస్తా ఉన్నా. కాన్పు కబురు తెలీక మనసాగలా. కొడవలి ఆడే పడేసి అప్పుడే గట్టెక్కినా."

"విన్నావా పెద్దమ్మా? ఈ బిడ్డ కోసం గట్టెక్కబట్టే నీ కొడుకు మిగిలినాడు."

నాయనమ్మ నాన్నను తేరిపార చూసింది. తర్వాత బిడ్డ కోసం చేతులు చాచింది.

ఆ రాయిని కొన్నాళ్లకు అధికారులు వచ్చి తీసుకుపోయారు. నర్సమ్మగారు ఆ తర్వాత ఎన్నో కాన్పులు చేశారు. "భయం నాకూ ఉంటాది. బిడ్డ బయటికొచ్చినాక పడదాంలే అనుకుంటా" అనేవారు.

అది ఉత్త మాట కాదని నాకు తెలుసు. రాయి పడిన ఆ సాయంత్రం ఆవిడ పెరటి మెట్టు మీద ఒక్కరే కూర్చుని ఉంటే కాఫీ తీసుకెళ్లాను. గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా వణుకు ఆగలేదు. తెల్లచీర మీద కాఫీ చుక్కలు చుక్కలుగా పడుతుంటే, తుడుచుకోకుండా అలాగే చూస్తూ కూర్చున్నారు.