చవిటి నేల మీద జెట్ బండి

కర్నూలు రాజధాని అయిన రెండో వేసవిలో, బడికి సెలవులిచ్చిన వారానికి, వేంపల్లె నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. రాసినవాడు యేసురత్నం. యుద్ధకాలంలో విమానాల మరమ్మతు షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి, తర్వాత కొన్నాళ్ళు కర్నూల్లో లారీలు బాగుచేసినవాడు. ఇంగ్లీషు పత్రికల్లో జెట్ ఇంజన్ల గురించి వచ్చిన వ్యాసాలు పట్టుకొని, అర్థం కాని చోట అడగడానికి నా దగ్గరికి వచ్చేవాడు. నేను సైన్సు అయ్యవారిని.

"జెట్ బండి తయారైంది సార్. గంటకు తొంభై మైళ్ళు పోతుంది. చదువుకున్న సాక్షి ఒకరు వేగం కొలిచి రాసిస్తే మద్రాసు మోటారు సంఘం వాళ్ళు నన్ను తమ వర్క్‌షాపులోకి తీసుకుంటామన్నారు. మీరు తప్ప నాకు ఎవురూ లేరు" అని రాశాడు.

శుక్రవారం ఉదయం ఆరింటికి కర్నూల్లో చిన్న రైలుబండి ఎక్కాను. ద్రోణాచలంలో మారి, గుంతకల్లు చేరేసరికి పన్నెండు దాటింది. స్టేషన్ హోటల్లో పెరుగన్నం తిని, రెండింటికి మద్రాసు పాసింజరులో మూడో తరగతిలో కూర్చున్నాను. ఎదురుగా శనక్కాయల వ్యాపారి. నా చేతిలోని స్టాప్‌వాచీ ఏమిటని అడిగితే సంగతంతా చెప్పాను.

"గంటకు తొంభై మైళ్ళా! అంత బిరీన యాడికి పోవాలప్పా?" అన్నాడు. పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రం ఆరున్నరకు ఎర్రగుంట్లలో దిగి వెయిటింగ్ రూములో పడుకున్నాను. శనివారం ఏడింటి బస్సు తొమ్మిదిన్నరకు వేంపల్లె చేర్చింది. దారంతా ఎండిన చేలు, నల్లరాళ్ళు. ఊరి బయట చర్చి పక్కన యేసురత్నం ఇల్లు. అతని భార్య మరియమ్మ రాగి సంగటి, ఊరిబిండి పెట్టింది.

"ఈ మూడేండ్లూ ఆ గొట్టమే ఆయప్పకు పెండ్లామయ్యా. మీరు రాసిచ్చే కాగితంతోనన్నా మాకు ఒక దోవ దొరకాల" అంది.

పెరట్లో బండి చూశాను. పాత జీపు చాసిస్. దాని మీద మనిషి పొడుగున రెండు ఇనప గొట్టాలు. గొట్టం ముందు నోట్లో సన్నటి ఉక్కు రేకులు తలుపుల్లా తెరుచుకొని గాలిని మింగుతాయి. లోపల పెట్రోలు మండగానే ఆ తలుపులు మూసుకుంటాయి, మంట వెనక్కి తన్నుతుంది, బండి ముందుకు దూకుతుంది. సంఘంవాళ్ళ షరతు ఒక్కటే కఠినం. గాలివాటు సాయం లెక్కలోకి రాకుండా, అదే మైలు పోనూ రానూ పరుగెత్తాలి. రెండు పరుగులూ గంటలోపల ముగియాలి.

అమెరికాలో ఇలాంటి బండ్లను ఉప్పు మైదానంలో తోలుతారు. యేసురత్నానికి దొరికింది ఊరికి రెండు మైళ్ళ దూరాన, గడ్డి కూడా మొలవని చవిటి నేల. అది పెద్దరెడ్డిగారిది. అడిగితే సరేనన్నాడట.

ఆదివారం తెల్లవారుజామున ఎద్దుల చేత బండిని లాగించుకొని, మరియమ్మతో సహా అందరం అక్కడికి వెళ్ళాం. మైలు దూరం గొలుసుతో కొలిచి, రెండు కొసల్లో అతని బావమరుదులు గుడ్డ జెండాలు పట్టుకున్నారు. నేను మధ్యలో రాళ్ళగుట్ట ఎక్కాను. ఏడు గంటల ఐదు నిమిషాలకు చెవులు దిమ్మెక్కేంత మోత పుట్టింది. తెల్లటి దుమ్ములో ఎర్రటి మంట ఒకటి నా ముందు నుంచి దూసుకుపోయింది. రెండో జెండా లేచింది. నలభై ఒక్క సెకన్లు. అంటే గంటకు దాదాపు ఎనభై ఎనిమిది మైళ్ళు. సంతోషంతో అరిచాను కూడా.

అవతలి కొసకు పరుగెత్తి వెళ్ళేసరికి యేసురత్నం కాలిన రేకులు విప్పి కొత్తవి బిగిస్తున్నాడు. "ఇవే ఆఖరి రేకులు సార్. యుద్ధం నాటి ఉక్కు, మళ్ళా దొరకదు" అన్నాడు. ఏడూ నలభైకి అంతా సిద్ధం.

అప్పుడు పెద్దరెడ్డిగారి కారు వచ్చింది. వెంట నలుగురు చుట్టాలు, కడప నుంచి ఒక ఫోటోగ్రాఫరు, పూలదండలు.

"మీరేనా అయ్యవారు? విద్యాశాఖలో మావోడు పెద్ద పోస్టులో ఉండాడు. పనేమన్నా ఉంటే చెప్పండి" అన్నాడాయన నాతో. నా బదిలీ అర్జీ ఏడాదిగా అక్కడే పడి ఉంది.

ఆయన జెట్ బండిలో కూర్చున్నాడు. దండ వేయించుకున్నాడు. ఎండ మొహాన పడుతోందని బండిని అటు తిప్పించారు, ఇటు తిప్పించారు. తర్వాత చుట్టాలు ఒక్కొక్కరే ఎక్కారు. యేసురత్నం చేతులు కట్టుకొని పక్కన నిలబడి నా వైపు చూశాడు. అతను ఆ మాట అనలేడు. నేల ఆయనది, ఊరు ఆయనది. నేను అనగలను. "రెడ్డిగారూ, టైము అయిపోతోంది, కాస్త దిగండి" అంటే చాలు. గడియారం చూసుకుంటూ నిలబడ్డాను.

ఆయన దిగేటప్పటికి ఎనిమిదీ పది. తిరుగు పరుగు ఎనిమిదీ ఇరవైకి ముగిసింది. ముప్ఫైతొమ్మిది సెకన్లు. మొదటిదానికంటే జోరు.

"సాలప్పా ఇంక. ఈ మోతకు గొడ్లు బెదురుతాండాయి. మళ్ళా ఈడ తోలొద్దు" అని చెప్పి రెడ్డిగారు వెళ్ళిపోయారు.

యేసురత్నం మసి మొహంతో నా దగ్గరికి వచ్చాడు. "సార్, గంట దాటలేదని రాయండి. వేగం నిజమే గదా. మీ కండ్లతోనే చూసినారు."

"అబద్ధం ఎట్లా రాసేది యేసురత్నం?" అన్నాను.

అతను గొట్టాల మీద తడిగోనె కప్పడానికి వెళ్ళాడు. మరియమ్మ మాత్రం నా ఎదుటనే నిలబడింది.

"నిజం ఇందాక పెద్దరెడ్డి ముందర చెప్పింటే బాగుండు గదయ్యా" అంది.

మధ్యాహ్నం బస్సు దగ్గరికి నా సంచీ మోసుకొచ్చింది యేసురత్నమే. వద్దన్నా వినలేదు. దారిలో తినమని శనక్కాయలు కట్టించి, "శానా దూరం వచ్చినారు సార్" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. లేదు.

నాలుగున్నరకు ఎర్రగుంట్లలో గుంతకల్లు బండి దొరికింది. ముద్దనూరు దాటాక, యేసురత్నం ఇచ్చిన సంఘంవాళ్ళ ఫారం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. మొదటి పరుగు, రెండో పరుగు, రెంటికీ పట్టిన సమయం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశాను. కింద ఇంకొక గడి ఉంది: గంట దాటితే కారణం. తాడిపత్రి వచ్చేదాకా ఆ గడి ఖాళీగానే ఉంచాను. పెద్దరెడ్డిగారి పేరు రాసి ఉంటే, సంఘంవాళ్ళు తప్పు యేసురత్నానిది కాదని ఒప్పుకొని ఉండేవారేమో. చివరికి "అనివార్య కారణాల వల్ల" అని రాసి, సంతకం చేసి, గుత్తి స్టేషన్లో పోస్టు డబ్బాలో వేశాను.

వేంపల్లె వెళ్ళేవారికి దారి కష్టం కాదు. ఎర్రగుంట్ల నుంచి బస్సుంది, తిండికి లోటు లేదు, మనుషులు మంచివాళ్ళు. ఆ చవిటి నేల మీద నేనొక ధైర్యవంతుణ్ణి చూశాను. అతను నమ్మి పిలిపించుకున్న సాక్షి మాత్రం పిరికివాడు.