కంకిపాడు సంఘం వందనాలు

నేను ఇంగ్లండులో దిగింది గురువారం. క్లాసులు సోమవారం నుంచి. "నాలుగు రోజులు ముందే వెళ్ళండి మేడమ్, ఊరంతా చూసుకోవచ్చు. తర్వాత మీకు తీరిక దొరకదు," అని పటమట కన్సల్టెన్సీలో టికెట్ బుక్ చేసినాయన ఉత్సాహంగా చెప్పాడు. ఆయన గన్నవరం ఎయిర్‌పోర్టు లోపలికి కూడా ఎప్పుడూ వెళ్ళలేదని నాకు తర్వాత తెలిసింది. వెళ్ళి ఉంటే, ఒక్కదాన్నే ఊరు చూడటం సరదాగా ఉంటుందని అంత ధీమాగా చెప్పేవాడు కాదు.

బయలుదేరే ముందు ఆదివారం కంకిపాడులో మా గుడిలో నన్ను ముందుకు పిలిచి ప్రార్థన చేశారు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నా చేతిలో ఒక పని పెట్టారు. "మనకి సువార్త తెచ్చిన దొరలు ఆ దేశంనుంచే వచ్చారమ్మా. అక్కడ నువ్వు మొదట ఏ గుడికెళ్తే ఆ గుడిలో లేచి నిలబడి మన సంఘం వందనాలు చెప్పు. మర్చిపోకు."

మా వైపు అది మామూలే. చల్లపల్లి నుంచి వచ్చినా, హైదరాబాదు నుంచి వచ్చినా, ప్రకటనలప్పుడు "కొత్తగా వచ్చినవాళ్ళు లేచి నిలబడండి" అంటారు. మైకు చేతికిస్తారు. వాళ్ళు తమ సంఘం తరఫున వందనాలు చెబుతారు, మేమంతా తిరిగి వందనాలంటాం. ఆరాధన అయ్యేసరికి వాళ్ళని ఎవరో ఒకరు భోజనానికి ఇంటికి తీసుకుపోతారు. మా అమ్మ నమ్మకమంతా దానిమీదే. "నువ్వు లేచి నాలుగు ముక్కలు మాట్లాడావంటే నీకు మనుషులు దొరుకుతారే. అప్పుడుగాని నాకు నిద్ర పట్టదు," అంది. ఆమె అంగన్‌వాడీ టీచరు. ఏడ్చే పిల్లని పదిమందిలో కూర్చోబెడితే ఏడుపు మానుతుందని ఆమె అనుభవం.

సరే, ఊరు చూశాను. కోట చూశాను. నది చూశాను. దాని గురించి బోర్డుమీద పేరాలకి పేరాలు రాశారు గాని, వెడల్పు మాత్రం మా బందరు కాలువంతే. బ్యారేజీమీద నిలబడి కృష్ణ చూసినదాన్ని కాబట్టి నాకు కాస్త పొగరు ఉంటుంది. ఆ పొగరు ఎవరితోనైనా పంచుకుందామంటే పక్కన ఎవరూ లేరు. మ్యూజియంలో ఒక గది నుంచి ఇంకో గదికి నడిచి, చూసినవన్నీ చూశానని నాకు నేనే చెప్పుకున్నాను. ఫోటోలు పంపితే అమ్మ స్టేటస్‌లో పెట్టింది. "అదృష్టవంతురాలు" అని బంధువులు రాశారు. నాకు ఒళ్ళు మండింది.

అక్కడ బస్సు దిగేవాళ్ళందరూ డ్రైవరుకి థాంక్యూ చెప్పి దిగుతారు. శుక్రవారం నేను పలికిన మాటల్లో సగం అవే. శనివారం నడిచి వెళ్ళగలిగిన చోటుకి కూడా బస్సే ఎక్కాను. డ్రైవరు నావైపు చూసి తల ఊపుతాడని.

శనివారం సాయంత్రం గదిలో అద్దం ముందు నిలబడి మూడు వాక్యాలు బట్టీ పట్టాను. ఇండియాలో కంకిపాడు అనే ఊరి నుంచి వచ్చాను, మా సంఘం మీకు ప్రభువు నామంలో వందనాలు చెప్పమంది, మీ పెద్దలు మోసుకొచ్చిన మాట మేం మర్చిపోలేదు. మూడో వాక్యం దగ్గర ప్రతిసారీ ఆగి, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాను.

ఆదివారం ఆ ఊళ్ళో అందరూ చూడటానికి వచ్చే పెద్ద గుడికి వెళ్ళాను. శుక్రవారం కూడా లోపలికి వెళ్ళి చూశాను. అప్పుడు జనం బూట్లతోనే తిరుగుతుంటే, టూరిస్టులు కదా, ఆరాధన రోజు విప్పుతారులే అనుకున్నాను. ఎవరూ విప్పలేదు. నేను మాత్రం గుమ్మం పక్కన విప్పేసి, చున్నీ తలమీదికి లాక్కుని, ఆడవాళ్ళ వైపు ఎటో తెలియక కాసేపు తచ్చాడి, ఒక స్తంభం పక్కన కూర్చున్నాను. చలి మేజోళ్ళలోంచి మోకాళ్ళ దాకా పాకింది.

ప్రకటనలు మొదలయ్యాయి. ఈ రోజు మనతో ఉన్న సందర్శకులకు హృదయపూర్వక స్వాగతం, అన్నారు ఫాదరుగారు.

లేచి నిలబడ్డాను.

మైకు కోసం చూశాను. ఆయన కాగితంలో తర్వాతి వరుసకి వెళ్ళిపోయారు. ఆరాధన తర్వాత వెనక కాఫీ ఉంటుందని చెబుతున్నారు. నేను నిలబడే ఉన్నాను. నోట్లో మొదటి వాక్యం సిద్ధంగా ఉంది. కూర్చుందామనుకునేలోపు ఆర్గన్ మోగింది, కీర్తన కోసం గుడిలో ఉన్న అందరూ ఒక్కసారిగా లేచారు. నేను నిలబడిన సంగతి ఆ నిలబడటంలో కలిసిపోయింది. ఎవరూ చూడలేదు. సిగ్గుపడాలన్నా ఎవరో ఒకరు చూడాలి కదా.

కాఫీ దగ్గర ఒకావిడ నవ్వుతూ నీది ఏ దేశం అని అడిగింది. ఇండియా అన్నాను. చాలా అందమైన దేశమట అని చెప్పి, ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. ఆవిడ తప్పేమీ లేదు. గుమ్మం దగ్గర ఫాదరుగారు వచ్చినవాళ్ళందరికీ చెయ్యి కలుపుతున్నారు. ఇక్కడ చెప్పేద్దాం అనుకున్నాను. నా వెనక వరుస ఉంది. చెయ్యి వచ్చింది, వెచ్చగా నొక్కి వదిలింది. "థాంక్యూ," అన్నాను, బస్సు డ్రైవరుకి చెప్పినట్టు. పక్కకి వచ్చి బూట్లు వేసుకుంటుంటే నామీద నాకే కోపం వచ్చింది. మూడు వాక్యాలు చెప్పలేనిదానివి, ఇక్కడేం చదువుతావు?

బయట బెంచీమీద కూర్చోగానే అమ్మ ఫోన్ చేసింది. కంకిపాడులో అప్పటికి సాయంత్రం, స్త్రీల కూడికలో ఉంది. స్పీకర్ పెట్టిందని వెనక గోల వింటేనే అర్థమైంది.

"చెప్పావా?"

"చెప్పాను," అన్నాను. మాట దానంతటదే వచ్చేసింది.

"ఏవన్నారమ్మా వాళ్ళు?" ఇది పాస్టరుగారి భార్య, మేం అమ్మగారూ అని పిలిచే ఆవిడ.

ఏమన్నారో ఆలోచించాను. "నేను లేచి నిలబడ్డానండీ. అప్పుడు అందరూ లేచి నిలబడ్డారు," అన్నాను.

"గుడంతానా?"

"గుడంతా అండీ."

 అటువైపు ఎవరో "స్తోత్రం" అన్నారు. ఆ వెంటనే అక్కడున్న ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో ఫోనులోకి వందనాలన్నారు, నా వెనక ఆ గుడంతా నిలబడి వింటున్నట్టు. నా చుట్టూ ఖాళీ పచ్చిక తప్ప ఏమీ లేదు.

అమ్మ స్పీకర్ తీసేసి పక్కకి వచ్చినట్టుంది. గొంతు తగ్గించింది. "నాలుగు రోజుల్నుంచీ ముద్ద దిగలేదే నాకు. ఒక్కదానివీ ఏమైపోతున్నావో అని. ఇంతమంది ఉన్నారుగా ఇంక."

"ఉన్నారమ్మా," అన్నాను.