పసుపు కింద వాత

ఎవరింట గృహప్రవేశమైనా ఫిలింనగర్ బస్తీ హనుమంతు తెల్లారకముందే తన పాడి ఆవు లచ్చిని కడిగి, కొమ్ములకు నూనె రాసి, వెనకభాగానికి పసుపు పూస్తాడు. ఇవాళ తోక మొదట్లో మరీ దట్టంగా మెత్తాడు. కింద వాత ఉంది. ఏడాదిగా లచ్చి ఊరికే ఎదకొచ్చి అరుస్తోంది, గర్భం కోసం ఎన్ని సూదులు వేయించినా చూడి కట్టలేదు. మొన్న విసిగిపోయి, "గొడ్డుమోతుదానా, నీకు దాణా దండుగ!" అంటూ అక్కడే వాత తేలేలా కర్రతో బాదాడు. నిన్న పశువుల డాక్టరమ్మ లోపల చెయ్యి పెట్టి చూసింది. "దీని తప్పేం లేదు. అండాశయంలో బుడగ పెరుగుతోంది గానీ పగలట్లేదు, గుడ్డు బయటికి రావట్లేదు. మందుంటే నయమయ్యేదే, ఇన్నాళ్లూ చూపించలేదేం?" అంది.

జూబ్లీహిల్స్ కొత్తింట్లో లచ్చి కుదురుగానే నిలబడింది. ఇంటావిడ సత్యలక్ష్మి దాని వెనకవైపు చేరి, "లక్ష్మీదేవి ఉండే చోటనేగా ఇక్కడ ఇంత పసుపు పూశావు?" అంది.

"గంతేనమ్మా," అన్నాడు హనుమంతు నేల చూస్తూ.

ఆమె భక్తిగా సరిగ్గా అక్కడే అరచెయ్యి ఆనించింది. లచ్చి తోలు జలదరించింది. అది మెడ తిప్పి, హనుమంతు చేతిలో కర్ర ఉందేమోనని చూసింది.