పెద్దనాయన చూపిన పాయింటు

ఇంట్లో కూర్చునే ఉద్యోగం చెయ్యొచ్చని లోకమంతా కొత్తగా కనిపెట్టిన ఆ రోజుల్లో, మా పల్లెలో సిగ్నల్ అందక, కళ్యాణదుర్గంలో పెద్దనాయన ఇంటి వసారాలో లాప్‌టాప్ పెట్టుకుని బెంగుళూరులోని ఒక కంప్యూటర్ ఆటల కంపెనీకి పనిచేసేవాణ్ణి. పనిచేసేవాణ్ణి అనడం కొంచెం ఎక్కువే. ప్రొబేషన్‌లో ఉన్నాను, అంటే ఎప్పుడు పొమ్మన్నా పోవాల్సినవాణ్ణి. మేం తయారుచేస్తున్న ఆటలో రకరకాల జాతులుండేవి. ఒక్కో జాతికి నిజమైన లోకంలో ఏ జనం ఆధారమో మేము రాసివ్వాలి. కోసు చెవుల అడవి జాతి కేరళ అమ్మాయికి, సముద్రపు జాతి విశాఖ అబ్బాయికి దక్కాయి. గుట్టల కింద సొరంగాలు తవ్వుకునే గడ్డాల పొట్టి జాతి మాత్రం, "నీది అనంతపురం కదా, రాళ్ళు నీకు అలవాటే" అంటూ నా నెత్తిన పడేశారు.

నేనేం పరిశోధన చేస్తాను? తల తిప్పితే పెద్దనాయన కనిపించాడు. పొట్టి మనిషి, రొమ్ముదాకా గడ్డం, తగాదా పెట్టుకోకుండా పలకరించడం రాదు. పైగా బోర్లకు పాయింటు, అంటే నీళ్ళు పడే చోటు, చూపేవాడు. పీచు వలిచిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేనంతా నడిస్తే, నీళ్ళున్న చోట అది లేచి నిలబడుతుందని మా వైపు నమ్మకం. ఆయన్ని ఉన్నదున్నట్టు దించేసి, కింద "ఆధారం: దక్కను పీఠభూమికి చెందిన ప్రాచీన జలాన్వేషక తెగ" అని గంభీరంగా రాసి పంపాను. (ఆ తెగ మొత్తం జనాభా ఒకటి. అది అప్పుడు పక్క గదిలో గురక పెడుతోంది.)

మా పై అధికారిణి విజయవాడ ఆవిడ. ప్రతి మాటకీ "క్లారిటీ ఉందా?" అంటుందని క్లారిటీ మేడం అని పేరు పెట్టుకున్నాం. "చాలా బాగుందండీ. సోమవారం వీడియో మీటింగుకి ఆ తెగ పెద్దనెవరినైనా కూర్చోబెట్టండి. తెగ నిజమైనదేనని తేలితే మీ ప్రొబేషన్ సంగతి మాట్లాడుకుందాం" అంది. ఆ తెగకు పెద్దా చిన్నా అంతా పెద్దనాయనే.

పెద్దనాయన మొదట ఒప్పుకోలేదు. "నన్నెందుకు పిలుస్తాండావురా? మీ నాయన చేన్లో దుమ్ము లేపినోణ్ణి నేను" అన్నాడు. నిజమే. ఆయన చూపిన చోట మా చేన్లో ఆరు వందల అడుగులు బోరు వేస్తే దుమ్మే తప్ప చుక్క రాలేదు. అంతకుముందు ఆయన చూపిన నాలుగు బోర్లదీ అదే కథ. రెండేళ్ళుగా ఆయన్ని ఎవరూ పిలవడం లేదు, ఆయన టెంకాయ ముట్టడం లేదు. అన్నీ తెలిసీ నా ఉద్యోగం కోసం కాళ్ళు పట్టుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సోమవారం తెర మీద పదకొండు మంది. మేడం చూపించిన ఆటలోని పొట్టివాళ్ళను పెద్దనాయన కాసేపు చూసి, "ఏమప్పా, ఈళ్ళు దేనికి తవ్వతాండారు?" అన్నాడు. "బంగారం కోసమండీ" అంది మేడం. "బంగారం తాగతారా? వెయ్యేండ్లుగా గుట్ట కిందనే ఉండారంటిరే, నీళ్ళు యాడివి?" బొమ్మలు గీసే అబ్బాయి, "నీళ్ళు పెట్టలేదు సార్" అని నేరం ఒప్పుకున్నాడు. పెద్దనాయన నా వైపు తిరిగి, "ఆ గుట్ట పటం తెరిచి నేల మీద పెట్టు" అన్నాడు. చెప్పులు విడిచి, వంటింట్లోంచి ఒక టెంకాయ తెచ్చి అరచేతిలో పడుకోబెట్టి, లాప్‌టాప్ చుట్టూ మెల్లగా నడవడం మొదలుపెట్టాడు. (తెరను నేల మీద వెల్లకిలా పరిచాను, కెమెరా పైకి చూస్తోంది కాబట్టి ఆ పదకొండు మందికీ వసారా దూలాలు, గడ్డం, టెంకాయ మాత్రమే కనబడ్డాయట.) లోపల్నుంచి పెద్దమ్మ, "చెట్నీకి వలిచిపెట్టిన టెంకాయ ఎవురు ఎత్తకపోయినారు?" అని అరుస్తోంది. తెర ఎడమ మూలకు వచ్చేసరికి టెంకాయ చటుక్కున లేచి నిలబడింది. "ఈడ ఉండాది. రెండు నూర్ల అడుగులకు తగుల్తాది" అన్నాడు పెద్దనాయన. "అక్కడ రాజుగారి సింహాసనం ఉంది సార్!" అన్నాడు బొమ్మల అబ్బాయి. "జరపండప్పా. రాజు యాడైనా కూసుంటాడు."

సింహాసనం జరిగింది, నా ఉద్యోగం నిలిచింది. నెల తిరిగాక ఆటను ఆయనకు చూపించాను. పొట్టివాళ్ళు ఆ మూలనే తవ్వారు, నీళ్ళు పైకి ఎగజిమ్మాయి. పెద్దనాయన కళ్ళు తుడుచుకుని తిన్నగా టీ అంగడికి పోయి, "మావాని కంపెనీలో నా పాయింటు పడినాది" అని చెప్పాడట. బోరు నీళ్ళను ఇంచుల్లో లెక్కకట్టే అక్కడివాళ్ళు అడిగింది ఒక్కటే: "నీళ్ళు ఎన్నించులు?" తడుముకోకుండా "ఐదు" అన్నాడట. మర్నాడే గుమ్మఘట్ట నుంచి ఒక రైతు టెంకాయతో దిగాడు. నా అబద్ధం ఇంకొకరి చేన్లో దుమ్ము లేపుతుందేమోనని భయపడ్డాను. పెద్దనాయన ఆ టెంకాయను రైతు చేతిలోనే పెట్టేసి, "భూమ్మీద నాకు పడదప్పా. కంప్యూటర్లో అయితే చెప్పు, వస్తా" అన్నాడు.

ఆ ఆట జనంలోకి రాకుండానే ఆపేశారు. ఆ మాట ఆయనతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు నేను బెంగుళూరులో ఉంటున్నాను. కళ్యాణదుర్గం పోయిన ప్రతిసారీ, "ఆ బోర్లో నీళ్ళు వస్తాండాయా?" అని అడుగుతాడు, వస్తున్నాయంటాను. లేని తెగను పుట్టించి అంత ధీమాగా రాసి పంపిన కుర్రాడు నేనేనా అని ఇప్పుడు నవ్వొస్తుంది. ఆయనకు చెప్పే ఈ ఒక్క జవాబైనా అబద్ధం కాకూడదని, పాత లాప్‌టాప్‌లో ఆ గుట్టను దాచుకున్నాను. బస్సెక్కే ముందు ఒకసారి తెరిచి చూస్తాను. నీళ్ళు వస్తూ ఉంటాయి. అప్పుడు బయల్దేరతాను.