అమెరికా చట్టం, అత్తమ్మ శకునం

కరోనా మా కాలేజీకి తాళం వేసిన ఏడాది నేను పాఠాలన్నీ పోచంపల్లిలో మా అత్తగారి నడిమింట్లో కూర్చుని చెప్పాను. నల్లగొండలో డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్పే గెస్టు లెక్చరర్ని. పేరుకు తగ్గట్టే జీతం కూడా చుట్టపుచూపుగానే వచ్చేది. ఆ ఇంట్లో ఫోనుకు సిగ్నల్ అందే జాగా ఒక్కటే. అక్కడే మా మామ కాళ్లు దించుకుని నేసే మగ్గం గుంట, ఆ పక్కనే మా అత్తమ్మ ఆసు. కాబట్టి నేను పిల్లలకు చెప్పిన పాఠం ముందు ఈ ఇద్దరి చెవుల్లో పడి, ఆ తర్వాతే నల్లగొండకు పోయేది.

ఆసు అంటే మేకులు కొట్టిన చెక్క చట్రం. ఇటు ఒకే మేకు, అటు చంద్రవంకలా వంగిన మేకుల వరుస. పోగును ఇటు నుంచి అటు చేత్తో లాగి, మేకుకు తగిలించి, వెనక్కి తేవాలి. మళ్లీ లాగాలి. ఒక చీరకు చాలినంత పోయడానికి పూటంతా పడుతుంది. అట్లా పోసిన పోగుకే ముడులు కట్టి రంగులద్దుతారు, ఆ తర్వాతే అది మగ్గమెక్కుతుంది. మగ్గం మగవాళ్లది, ఆసు ఆడవాళ్లది. చీర చూసి మురిసిపోయేవాళ్లు "ఎవరు నేసిండ్రు?" అంటారే గాని, "ఎవరు ఆసు పోసిండ్రు?" అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. మా పుట్టింటివాళ్లదీ నేత నేసే సాలోళ్ల కులమే గాని, మా నాయిన హాలియాలో బట్టల దుకాణం నడిపేవాడు. చీర మడత విప్పడం తప్ప నాకేమీ తెలియదు. ఇదంతా పెళ్లయ్యాకే చూశాను, చూసినకొద్దీ నాకు మండేది.

ఎందుకంటే అత్తమ్మ కుడి భుజం అప్పటికే పాడైపోయింది. దవాఖానలో డాక్టరు నా ముందే చెప్పాడు, ఇంకా ఆసు పోస్తే ఆ చెయ్యి ఇక లేవదని. ఊళ్లో కొన్ని ఇళ్లకు ఆసు మిషన్లు వచ్చాయి. మా మామకు అవి నచ్చవు. "మిషన్ పోసిన పోగుకు గా బిగువు ఏడికెల్లి వస్తది?" అనేవాడు. బిగువు ఆయనకు, నొప్పి ఆమెకు. మా ఆయనకు మందుల దుకాణం ఉంది. రోజూ సాయంత్రం తల్లికి నొప్పి మాత్రలు తెచ్చేవాడు, దాంతో కొడుకు ధర్మం తీరిపోయేది. డాక్టరు మాట మామకు నేను చెబుతానంటే అత్తమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

"మొగడు పెండ్లాల నడుమల నువ్వు రాకు బిడ్డా. నేనే చెప్త. జర టైం రావాలె."

ఆ ఏడు మా సిలబస్‌లో అమెరికా రాజకీయాలు పడ్డాయి. వియత్నాం యుద్ధం, ఉద్యమాలు, నమ్మకాలు కూలిపోవడం, అన్నీ కలిసి 'భ్రమలు తొలగిన దశాబ్దం' అనే ఒక పెద్ద పాఠం. మొదటి క్లాసు అధ్యక్షుడి రాజీనామా. అవతలి పార్టీ ఆఫీసులో దొంగలు దూరడం, దాన్ని కప్పిపెట్టబోయి అధ్యక్షుడు ఇరుక్కోవడం, తన గదిలో తాను పెట్టించుకున్న టేపులు తన మెడకే చుట్టుకోవడం, చివరికి రాజీనామా చెయ్యడం. చాలా రక్తి కట్టించి చెప్పాననుకున్నాను. ఫోను పెట్టెయ్యగానే గుంటలోంచి మామ గొంతు వచ్చింది.

"రాజీనామ చేసినంక ఎంత మెజార్టీతోని గెలిచిండు?"

"గెలుచుడు లేదు మామా. ఇంటికి పోయిండు."

"మల్ల నిలవడలేదా?"

"లేదు."

"మరి రాజీనామ ఎందుకు చేసినట్టు?"

తప్పు ఆయనది కాదు. తెలంగాణ ఉద్యమంలో మా వైపు రాజీనామా అంటే తొడగొట్టడం. నాయకుడు రాజీనామా చేస్తాడు, ఉప ఎన్నిక వస్తుంది, పూలదండలతో మళ్లీ గెలిచి వస్తాడు. సిగ్గుతో ఇంటికి పోవడానికి కూడా రాజీనామా చేస్తారని మామకు ఆ రోజే తెలిసింది. ఆయనే కాదు, నా పిల్లల్లోనూ కొందరు పరీక్షలో ఆ అధ్యక్షుణ్ణి ఉప ఎన్నికలో ఘనంగా గెలిపించారు.

అత్తమ్మ అనుమానం ఇంకొకటి. "తన మాటలు తనే రికార్డు చేసుకునుడేంది? వద్దని చెప్పనీకి ఇంట్ల ఆడోళ్లు లేకుండ్రా?"

పెట్రోలు దొరక్క అమెరికా వాళ్లు కార్లతో బారులు తీరిన సంగతి చెప్పిన రోజు మామ నోట్ల రద్దు నాటి బ్యాంకు లైను గుర్తుచేసుకుని పొద్దుగూకే దాకా సంతోషంగా నేశాడు. పాఠం పేరు కూడా ఆయనకు బాగా నచ్చింది. "గా భ్రమలు తొలుగుడు వాళ్లకు పదేండ్లల్ల అయిపోయిందా? మనకింక నడుస్తనే ఉన్నది" అన్నాడు.

తర్వాత ఆడవాళ్ల ఉద్యమం వచ్చింది. యుద్ధం వద్దని సభలు పెట్టిన యువతలో కూడా మగవాళ్లు ఉపన్యాసాలిస్తుంటే ఆడవాళ్లు టైపు కొట్టి, కాఫీలు పెట్టి, కప్పులు కడిగేవారని, 'మరి మన సంగతేమిటి?' అన్న ప్రశ్న చాలామందికి అక్కడే పుట్టిందని చెబుతున్నాను. పక్కనుంచి పకపకా నవ్వు.

"మేడం, ఎవరో నవ్వుతున్నరు" అన్నాడొక పిల్లవాడు.

నేను ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టేలోపే అత్తమ్మ దగ్గరికి వచ్చేసింది. "నేనే బిడ్డా. మా కాడ గూడ గంతే. ఉద్యమంల వంటావార్పు అని రోడ్డు మీద పొయ్యిలు పెట్టినం గదా. జెండ పట్టుకోని కూసున్నది మొగోళ్లు, పొగల వండింది మేము. పేపర్ల ఫోటో వాళ్లదే వచ్చింది."

"గా రోజు కూరల ఉప్పెక్కువైంది" అన్నాడు మామ గుంటలోంచి.

నోరు మూసుకుని కూర్చునే నా క్లాసులో ఆ రోజు ఒకరి తర్వాత ఒకరు మైకులు తెరిచారు. ఒక పిల్ల అయితే వాళ్లమ్మను కూడా పిలుచుకొచ్చింది. ఉద్యోగంలో చేరాక నేను చెప్పిన మంచి పాఠం అదొక్కటే, అది కూడా చెప్పింది నేను కాదు.

ఆ సరదాలోనే నాకు చిక్కు వచ్చిపడింది. మరుసటి క్లాసులో, ఆడా మగా హక్కులు సమానమని రాజ్యాంగంలో రాయించడానికి అమెరికా ఆడవాళ్లు తెచ్చిన సవరణ గురించి మొదలుపెట్టాను. మన ఢిల్లీ పార్లమెంటులాంటి పెద్ద సభ ఒప్పుకుంది, ఇక ముప్పై ఎనిమిది రాష్ట్రాలు ఒప్పుకుంటే చట్టమవుతుంది అని చెప్పి ఆ పూటకు ఆపాను. సాయంత్రం చిక్కుడుకాయలు తుంచుతూ అత్తమ్మ గొంతు తగ్గించింది.

"బిడ్డా, గా చట్టం పాసైతే నేను మీ మామకు చెప్త."

"ఏమని?"

"నా చెయ్యి పోతాంది, సగం ఆసు నువ్వు పొయ్యాలె అని."

మా అత్తమ్మ శకునం చూడనిదే గడప దాటదు. పిల్లి, బల్లి, పాలపొంగు అన్నీ చూస్తుంది. వాటి సరసన అమెరికా రాజ్యాంగం కూడా చేరుతుందని మాత్రం నేను కలలో కూడా అనుకోలేదు.

"దానికీ దీనికీ ఏం సంబంధం అత్తమ్మా? రేపే చెప్పు."

"ఊకెనే చెప్తే కాదంటడు. శకునం మంచిగుండాలె."

"పాస్ కాకుంటే?"

"కాకుంటే వద్దని దేవుడే చెప్పినట్టు. ఊకుంట."

ఆ సవరణ గడువు దాటి మూలన పడేనాటికి నేనింకా పుట్టనే లేదు. ఆ మాట చెప్పబోయి నోరు తెరిచాను.

"చెప్పకు!" అని కసిరింది. "ముందుగాల చెప్తే శకునం పని చెయ్యది. క్లాసుల చెప్పినప్పుడే వింట."

అట్లా, ఎప్పుడో ముగిసిపోయిన కథ మా ఇంట్లో రోజూ సీరియల్‌లా నడవడం మొదలైంది. మొదట్లో రాష్ట్రాలు ఒకదాని మీద ఒకటి పడి ఒప్పుకున్నాయని చెప్పిన రోజు అత్తమ్మ పాయసం చేసింది. మామ కారణం తెలియకుండానే రెండు గిన్నెలు తాగాడు. ఆ తర్వాత జోరు తగ్గింది. ఆ సవరణ వద్దని ఉద్యమం చేసినవాళ్లలో ముందున్నది కూడా ఆడవాళ్లేనని, ఇంట్లో చేసిన రొట్టెలు, జాములు తెచ్చి శాసనసభ్యులకు పంచి మరీ వద్దన్నారని చెప్పాను.

"అంటే మా ఆడబిడ్డ అసుంటోళ్లు గాడ గూడ ఉన్నరన్నట్టు" అంది అత్తమ్మ.

కొన్ని రాష్ట్రాలు ఒకసారి ఒప్పుకుని, తర్వాత ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకున్నాయని చెప్పినప్పుడు ఆమెకు నిజంగా కోపమొచ్చింది. "గెలిచినంక పార్టీ మారుడు మన కాన్నే అనుకున్న. థూ!" గడువు పొడిగించారంటే మళ్లీ ఆశ పడింది. ఇదంతా వింటూ ఆమె ఆసు పోస్తూనే ఉంది. చెయ్యి పైకి వెళ్లినప్పుడల్లా పళ్లు బిగబట్టడం నాకు ఫోను పైనుంచి కనిపిస్తూనే ఉంది.

నేనేం చేశానంటే, సాగదీశాను. ఒక్క క్లాసులో ముగిసే పెట్రోలు కరువును మళ్లీ మొదటినుంచి చెప్పాను. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గోడు, గనులు, ఫ్యాక్టరీలు, సమ్మెలు, కనిపించిన ప్రతి సందులోకీ దూరాను. పిల్లలు "మేడం, సిలబస్ ఎప్పుడు అయితది?" అని గ్రూపులో మెసేజీలు పెట్టారు. నాకు అందరి మీదా కోపం వచ్చేది. అత్తమ్మ మీద, ఆమె శకునం మీద, అంతవరకు నేను పేరు కూడా పట్టించుకోని ఆ అమెరికా రాష్ట్రాల మీద. సవరణ గెలిచిందని ఒక్క అబద్ధం ఆడితే పోయేది. కానీ ఫోనులో అరవై మంది పిల్లలున్నారు, పరీక్షలో అదే రాస్తారు.

చివరికి చెప్పాల్సిన రోజు వచ్చింది. చెప్పాను. ముప్పై ఎనిమిది కావాలి, ముప్పై ఐదే వచ్చాయి. మూడు రాష్ట్రాలు తక్కువ. గడువు అయిపోయింది, సవరణ ఆగిపోయింది. పక్కన ఆసు చప్పుడు ఆగింది. అత్తమ్మ లేచి పెరట్లోకి వెళ్లింది. నేను పిల్లలకు ఇంకేం చెప్పానో నాకే తెలియదు.

తెల్లారి ఆమె ఆసు దగ్గర కూర్చోలేదు. కాసేపు చూసి మామ అడిగాడు. "పోగు అయిపోవచ్చింది. ఆసు పోస్తలేవేందే?"

"చెయ్యి లేస్తలేదు. ఆసు బంద్ చెయ్యకుంటే ఇంక లేవనే లేవదని డాక్టరు చెప్పిండు. సగం నువ్వు పొయ్యాలె."

మగ్గం ఆగింది.

"నేనా? మొగోడు ఆసు పోస్తడా? వాడకట్టంత నవ్వుతరు."

"నవ్వనీ."

మామ ఆమెను వదిలి నా వైపు తిరిగాడు. "గీ అమెరికా పాఠాలు బంద్ పెట్టు నువ్వు."

"సిలబస్ అయిపోయింది మామా" అన్నాను.

వంటింట్లో ఆమెను పట్టుకున్నాను. "అత్తమ్మా, మరి శకునం?"

"ఆగింది గదా అని రాత్రంత ఏడ్చిన బిడ్డా. మల్ల అనుకున్న, మన తెలంగాణ రాష్ట్రం ఎన్నిమాట్ల ఆగలే? ఆగినప్పుడల్ల వంట గంజు ఎత్తుకోని రోడ్డు మీదికి పోలేదా నేను? మీ మామ కోసం, మీ కోసం వండిన. గిది నా చెయ్యి. దీని కోసం అమెరికోళ్లను అడుగుడేంది?"

నాకు ఆమెను కావలించుకోవాలనిపించింది. చింతపండు చేతులతో ఉందని ఊరుకున్నాను, ఇప్పటికీ దానికి బాధగానే ఉంటుంది.

ఆ రాత్రి అన్నం దగ్గర అత్తమ్మ ఎడమ చేత్తో వడ్డించింది. మా ఇళ్లలో అంతకన్నా అపచారం లేదు. "ఎడమ చెయ్యితోని పెడుతవా..." అని మామ గద్దించబోయాడు. సగంలో ఆగి ఆమె కుడిచేతిని చూశాడు. అది కొంగులో ముడుచుకుని ఒడిలో పడి ఉంది. ఆయన తలవంచుకుని ఆ అన్నమే తిన్నాడు.

పొద్దున నేను లేచేసరికి నడిమింట్లో చీకటిగా ఉంది. వీధి తలుపు వేసి, గడియ పెట్టి, మామ ఆసు ముందు కూర్చున్నాడు. పోగు లాగుతున్నాడు, తెంపుతున్నాడు, తనను తానే తిట్టుకుంటూ ముడి వేస్తున్నాడు. ఎదురు పీట మీద కూర్చుని అత్తమ్మ చూసింది. తర్వాత లేచి, ఎడమ చేత్తో గడియ తీసి, వీధిలో పోయేవాళ్లందరికీ కనిపించేలా రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

"చీకట్ల పోగు కనవడది" అంది.